కొందరిని అడిగితే అందరి లెక్క తేలేదెలా?

ఒక రాష్ట్రంలో రక్తహీనతతో బాధపడే మహిళలు ఎంతమంది? ఈ ఖరీఫ్‌లో ఎకరాకు సగటున ఎన్ని బస్తాల వడ్లు పండాయి? ఒక కుటుంబం నెలకు తిండికి ఎంత ఖర్చు పెడుతోంది? ఈ ప్రశ్నలకు ప్రభుత్వాలు ఇంటింటికీ, చేనుచేనుకూ తిరిగి జవాబులు రాబట్టడం లేదు. కొన్ని ఇళ్లు, కొన్ని పొలాలు ఎంచుకుని అక్కడ దొరికిన వివరాలతో మొత్తానికి లెక్క కడుతున్నాయి. ఇదే నమూనా సర్వే, వాడుక మాటల్లో శాంపిల్ సర్వే. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 707 జిల్లాల్లో సుమారు 6.37 లక్షల కుటుంబాల నుంచి వివరాలు సేకరించింది. 2011 జనగణన నాటికే దేశంలో దాదాపు 25 కోట్ల కుటుంబాలు ఉన్నాయి. అంటే సుమారు 400 ఇళ్లకు ఒక ఇంటి తలుపు తట్టి, మిగతా 399 ఇళ్ల సంగతీ చెప్పారన్నమాట.

ఇలా చెప్పిన మాటను నమ్మడానికి గణాంకశాస్త్రం రెండు ఆధారాలు ఇస్తుంది. మొదటిది ఎంపిక: ఆ ఇళ్లను ఏ పద్ధతిలో ఎంచుకున్నారు? రెండోది అన్వయం: దొరికిన వివరాలను అంతకుముందే తెలిసిన విషయాలతో ఎలా కలిపి చదివారు? ఎంపిక సంగతి నమూనా సిద్ధాంతం చూసుకుంటుంది. తెలిసినదానికి కొత్త సాక్ష్యాన్ని జోడించే పని బేయ్స్ పద్ధతిది. ఈ రెండు వర్గాల మధ్య దశాబ్దాల పాటు వాదోపవాదాలు నడిచాయి. నేటి సర్వేలకు మాత్రం రెండూ అవసరమే.

ఎంతమంది అని కాదు, ఎవరు అని

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే వారపత్రిక కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. దాదాపు 23 లక్షల మంది వాటిని నింపి తిప్పి పంపారు. ఆ లెక్కతో రిపబ్లికన్ అభ్యర్థి ఆల్‌ఫ్రెడ్ లాండన్ గెలుపు ఖాయమని పత్రిక రాసింది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 60 శాతానికి పైగా ఓట్లతో గెలిచాడు, లాండన్‌కు దక్కినవి రెండే రాష్ట్రాలు. అంతకన్నా ఎంతో చిన్న నమూనాతో జార్జ్ గాలప్ ఆ ఫలితాన్ని సరిగ్గా చెప్పగలిగాడు.

పత్రిక అడ్రసులు ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి తీసుకుంది. ఆర్థిక మాంద్యం నడుస్తున్న రోజుల్లో ఫోనూ కారూ ఉన్నది కలిగినవాళ్లకే. పైగా బ్యాలెట్ అందినవాళ్లలో నలుగురికి ఒక్కరు కూడా తిప్పి పంపలేదు. పంపినవాళ్ల అభిప్రాయం, పంపనివాళ్ల అభిప్రాయం ఒకటే అయ్యుండాలన్న నియమమేమీ లేదు. ఎంపిక ఒక పక్కకు ఒరిగితే నమూనా ఎంత పెంచినా ఆ ఒరుగు పోదు. తప్పుడు అంకె మీద ధీమా మాత్రం పెరుగుతుంది.

దీనికి విరుగుడు యాదృచ్ఛిక ఎంపిక. జాబితాలోని ప్రతి ఇంటికీ ఎంపికయ్యే అవకాశం ఎంతో ముందే తెలిసి ఉండాలి, అది సున్నా కాకూడదు, ఎంపికలో మనిషి ఇష్టాయిష్టాలకు చోటుండకూడదు. పోలండ్‌కు చెందిన జెర్జీ నేమన్ 1934లో రాసిన పరిశోధనా పత్రం ఈ పద్ధతికి గట్టి గణిత పునాది వేసింది. ఇలా ఎంచుకున్న 1,000 మందిని అవును, కాదు అనే ప్రశ్న అడిగితే, వచ్చే శాతంలో తేడా సాధారణంగా మూడు పాయింట్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ తేడాను సగానికి తగ్గించాలంటే నమూనాను రెట్టింపు చేస్తే చాలదు, నాలుగు రెట్లు చేయాలి. ఒకే జిల్లాలో అడిగినా ఉత్తరప్రదేశ్ అంతటా అడిగినా 1,000 మంది నమూనాకు కచ్చితత్వం దాదాపు ఒక్కటే. చాలామందికి ఇది నమ్మశక్యంగా అనిపించదు. జనాభా ఎంత పెద్దదైనా కచ్చితత్వాన్ని నిర్ణయించేది ప్రధానంగా నమూనా పరిమాణమే. అయితే ప్రతి జిల్లాకూ విడిగా లెక్క కావాలంటే ప్రతి జిల్లాలోనూ అంత నమూనా ఉండాలి. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది.

ఆచరణలో ఎంపిక అంచెలంచెలుగా సాగుతుంది. కుటుంబ ఆరోగ్య సర్వేలో ముందుగా ఊళ్లను వర్గాలుగా విడదీసి, జనాభా ఎక్కువున్న ఊరికి ఎక్కువ అవకాశం దక్కేలా కొన్నిటిని ఎంచుకున్నారు. ఎంపికైన ఊళ్లో ఇళ్ల జాబితా కొత్తగా రాసుకున్నారు. ఆ జాబితాలోంచి సమాన అంతరాలతో 22 ఇళ్లను తీసుకున్నారు. ఎంపికైన ఇంటికి తాళం ఉంటే సర్వే చేసేవారు పక్కింటికి వెళ్లి పని కానివ్వడానికి వీల్లేదు, అదే ఇంటికి మళ్లీ రావాలి. మిట్టమధ్యాహ్నం ఇంట్లో దొరికే కుటుంబానికీ, కూలికి పోయి చీకటి పడ్డాక తిరిగొచ్చే కుటుంబానికీ బతుకులో ఎంతో తేడా ఉంటుంది. దొరికిన ఇల్లల్లా రాసుకుంటూ పోతే కూలి కుటుంబాలు లెక్కలోంచి జారిపోతాయి.

బెంగాల్ జనపనార పొలాల్లో

నమూనా సర్వే ఆచరణలో ప్రపంచానికి పాఠాలు చెప్పిన దేశాల్లో భారత్ ముందు వరుసలో ఉంది. దానికి కారకుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఆయన 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. బెంగాల్‌లో జనపనార ఎంత విస్తీర్ణంలో వేశారో తేల్చే పని 1937లో చేపట్టారు. వ్యాపారం, పన్నులు, ఎగుమతులు అన్నీ ఆ అంకె మీదే ఆధారపడి ఉండేవి. ప్రతి పొలాన్నీ చూసి రాయాలంటే వేలాది సిబ్బంది కావాలి, అంతమందికి శిక్షణ ఇచ్చి వారి పనిని తనిఖీ చేయడం అయ్యే పని కాదు. మహలనోబిస్ మొదట చిన్న ప్రయోగాత్మక సర్వేలు జరిపారు. ఖర్చు ఎంతవుతోంది, పొరపాటు ఎంత తగ్గుతోంది అని ఏటా బేరీజు వేసుకుంటూ వాటిని విస్తరించారు. చివరికి చూస్తే, పొలం పొలం తిరిగి వేసిన లెక్క కన్నా నమూనా లెక్కే వ్యాపార వర్గాల అంకెలకు దగ్గరగా వచ్చింది, ఖర్చులోనూ ఎంతో ఆదా అయింది.

అన్నీ లెక్కపెట్టడం కన్నా కొన్నిటిని శ్రద్ధగా కొలవడం మేలు కావచ్చని ఇది రుజువు చేసింది. మహలనోబిస్ మరో జాగ్రత్త కూడా తీసుకున్నారు. ఒకే ప్రాంతంలో రెండు నమూనాలు ఎంచుకుని, ఒకరి సంగతి మరొకరికి తెలియకుండా రెండు బృందాలకు అప్పగించారు. రెండు లెక్కలూ దగ్గరగా వస్తే నమ్మకం కుదురుతుంది, దూరంగా ఉంటే ఎక్కడో పనిలో లోపం ఉన్నట్టు. ఈ అనుభవం పునాదిగా 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. దేశంలో కుటుంబాల ఖర్చు, ఉపాధి, అప్పుల వివరాలకు నేటికీ అదే ఆధారం. మహలనోబిస్ పుట్టినరోజైన జూన్ 29ని 2007 నుంచి గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

నైరుతి మూల నుంచి అయిదు మీటర్లు

నమూనా పద్ధతి ఎంత సూక్ష్మంగా సాగుతుందో వరి రైతుకు బాగా తెలుసు. ఎకరా దిగుబడి తేల్చడానికి వ్యవసాయ, గణాంక సిబ్బంది చేసే పంట కోత ప్రయోగం అలాంటిదే. ఎంపికైన ఊళ్లో యాదృచ్ఛికంగా ఒక మడిని నిర్ణయిస్తారు. ఆ మడి నైరుతి మూలన నిలబడి పొడవు, వెడల్పు కొలుస్తారు. యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలోంచి రెండు అంకెలు తీసి, పొడవు వెంట అంత, వెడల్పు వెంట అంత నడిచి అక్కడ గూటం పాతుతారు. అక్కడి నుంచి అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పుతో చదరం గీసి తాడు కడతారు. కర్ణం 7.07 మీటర్లు వస్తేనే అది నిజమైన చదరం. లోపలి పంట కోసి, నూర్చి, తూర్పారబట్టి, గింజలు తూకం వేస్తారు. తేమ ఆరిపోయాక తగ్గే బరువును కూడా లెక్కలోకి తీసుకుంటారు.

ఆ చదరం విస్తీర్ణం 25 చదరపు మీటర్లు, హెక్టారులో నాలుగు వందలో వంతు. అందులో 14 కిలోల ఎండు వడ్లు వస్తే హెక్టారుకు 5,600 కిలోలు, ఎకరాకు సుమారు 2,266 కిలోలు. అంటే 75 కిలోల బస్తాలు ముప్పై. తూకంలో ఒక్క కిలో తేడా వస్తే ఎకరా దిగుబడిలో రెండు బస్తాలకు పైగా తేడా పడుతుంది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన వంటి పథకాల్లో దిగుబడి నష్టపు పరిహారం ఈ కోతల సగటు మీదే తేలుతుంది. కాబట్టి గూటం ఎక్కడ పాతారన్నది రైతు ఇంటి ఆదాయానికి సంబంధించిన విషయం. బాగా కంకి వేసిన చోటు చూసి పాతినా, ఎండిన చోటు చూసి పాతినా అన్యాయమే.

చదరం ఎంత పెద్దది ఉండాలన్న దాని మీద కూడా ఒకప్పుడు పెద్ద చర్చే జరిగింది. చిన్న చిన్న గళ్లలో కోస్తే ఖర్చు తక్కువ. కానీ గళ్లు మరీ చిన్నవైతే దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుందని వ్యవసాయ గణాంకవేత్త పి.వి. సుఖాత్మే 1940ల్లో చూపించారు. తాడు మీది మొక్క లోపలిదో బయటిదో తేల్చుకోలేనప్పుడు కోసేవారి చేయి లోపలికే లాగుతుంది. అయిదు మీటర్ల చదరంలో ప్రతి వైపూ తాడు అయిదు సెంటీమీటర్లు బయటికి జరిగితే విస్తీర్ణం 4 శాతం పెరుగుతుంది. ఒక్క మీటరు చదరంలో అదే పొరపాటు జరిగితే విస్తీర్ణం 21 శాతం పెరుగుతుంది. నమూనాలో వచ్చే తేడాను గణితం ముందే అంచనా వేస్తుంది. కొలతలో దొర్లే తప్పును మాత్రం పొలంలో నిలబడ్డ మనిషి శ్రద్ధే ఆపాలి.

బసు చెప్పిన ఏనుగుల కథ

ఎంపికైన ఇళ్లన్నిటికీ లెక్కలో ఒకే బరువు ఉండదు. ఒక ఇంటికి ఎంపికయ్యే అవకాశం 500లో ఒకటైతే అది 500 ఇళ్లకు ప్రతినిధి, మరో ఇంటికి 2,000లో ఒకటైతే అది 2,000 ఇళ్లకు ప్రతినిధి. చిన్న రాష్ట్రానికి కూడా విడిగా లెక్క కావాలని అక్కడ ఎక్కువ ఇళ్లు తీసుకున్నప్పుడు, దేశ సగటు కట్టేటప్పుడు ఆ ఇళ్లకు తక్కువ బరువు ఇవ్వాలి. ఎంపిక అవకాశంతో భాగించి మొత్తం కట్టే ఈ సూత్రాన్ని 1952లో హార్విట్జ్, థాంప్సన్ ప్రతిపాదించారు. నేటికీ సర్వే లెక్కలకు ఇదే వెన్నెముక.

ఈ సూత్రాన్ని గుడ్డిగా వాడితే ఏమవుతుందో దేబబ్రత బసు 1971లో ఒక కల్పిత కథతో చూపించారు. బసు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో సి.ఆర్. రావు దగ్గర పరిశోధన చేసినవారు. తెలుగు కుటుంబంలో హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకున్న రావు ఈయన గురువు.

బసు కథలో ఒక సర్కస్ యజమానికి 50 ఏనుగులున్నాయి. వాటి మొత్తం బరువు కావాలి, తూచగలిగింది ఒక్కదాన్నే. మూడేళ్ల కిందట అన్నిటినీ తూచినప్పుడు సాంబో అనే ఏనుగు సరిగ్గా సగటు బరువుంది. ఇప్పుడూ సాంబోను తూచి 50తో హెచ్చిస్తే చాలని యజమాని ఆలోచన. సర్కస్‌లోని గణాంకవేత్త అది యాదృచ్ఛికం కాదని ఒప్పుకోడు. చివరికి రాజీగా సాంబోకు 100లో 99 వంతుల అవకాశం, మిగతా 49 ఏనుగులకు తలా 4,900లో ఒక వంతు అవకాశం ఇచ్చి లాటరీ తీస్తారు. సాంబోయే వస్తుంది. దాని బరువు నాలుగు టన్నులు అనుకుందాం. యజమాని లెక్కలో మొత్తం 200 టన్నులు. సూత్రం ప్రకారం నాలుగు టన్నులను 99/100తో భాగించాలి. అప్పుడు 50 ఏనుగుల బరువూ కలిసి 4.04 టన్నులే! లాటరీలో అన్నిటికన్నా పెద్దదైన జంబో వచ్చి, దాని బరువు అయిదు టన్నులైతే మొత్తం 24,500 టన్నులు అవుతుంది. పాపం ఆ గణాంకవేత్త ఉద్యోగం పోగొట్టుకుంటాడు.

ఈ లాటరీని లక్షల సార్లు తీస్తే సూత్రం ఇచ్చే సగటు నిజమైన మొత్తానికి సమానమే అవుతుంది. కానీ యజమాని చేతిలో ఉన్నది ఒక్క లాటరీ, ఒక్క తూకం. మూడేళ్ల నాటి తూకాల పట్టిక చేతిలో ఉండగా దాన్ని పట్టించుకోని లెక్క శాస్త్రీయం ఎలా అవుతుందని బసు ప్రశ్న. ముందే తెలిసిన విషయాన్ని లెక్కలోకి తీసుకోవడానికి ఒక క్రమపద్ధతి కావాలి. బేయ్స్ సిద్ధాంతం ఇచ్చేది అదే.

తెలిసినదానికి సాక్ష్యం తోడైతే

థామస్ బేయ్స్ ఇంగ్లండ్‌లో ఒక చర్చి బోధకుడు. ఆయన 1761లో మరణించాక, కాగితాల్లో దొరికిన వ్యాసాన్ని మిత్రుడు రిచర్డ్ ప్రైస్ 1763లో రాయల్ సొసైటీ ముందుంచారు. దాని సారాంశం ఇది. ఒక విషయం మీద ముందుగా ఉన్న అంచనాను సంభావ్యతగా రాసుకోవాలి. కొత్త సాక్ష్యం వచ్చినప్పుడు, ఆ అంచనా నిజమైతే ఇలాంటి సాక్ష్యం కనిపించే అవకాశం ఎంతో చూసి అంచనాను సవరించుకోవాలి. రేపు మరో సాక్ష్యం వస్తే ఇవాళ్టి సవరించిన అంచనాయే దానికి ముందస్తు అంచనా అవుతుంది.

2020 మే, జూన్ నెలల్లో భారత వైద్య పరిశోధన మండలి కరోనా సోకినవారి శాతం తేల్చడానికి 70 జిల్లాల్లో 28,000 మంది రక్త నమూనాలు సేకరించింది. వాటిలో తెలంగాణ నుంచి జనగామ, కామారెడ్డి, నల్లగొండ, ఆంధ్రప్రదేశ్ నుంచి కృష్ణా, నెల్లూరు, విజయనగరం జిల్లాలున్నాయి. అప్పటికి వయోజనుల్లో ఒక శాతం లోపు మందికే, అంటే 0.73 శాతానికి, వైరస్ సోకి ఉంటుందని తేలింది. ఇంత తక్కువ వ్యాప్తిలో ఒక్క పరీక్షను నమ్మితే ఏమవుతుందో గుండ్రని అంకెలతో చూడవచ్చు. 10,000 మందిలో 100 మందికి సోకింది అనుకుందాం. పరీక్ష సోకినవారిలో 92 శాతం మందిని పట్టుకుంటుంది, సోకనివారిలో 2 శాతం మందికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుంది. అప్పుడు నిజంగా సోకిన 92 మందికి, సోకని 9,900 మందిలో 198 మందికి పాజిటివ్ వస్తుంది. మొత్తం 290 పాజిటివ్‌లలో నిజమైనవి 92, అంటే మూడో వంతు కూడా కాదు.

పాజిటివ్ వచ్చినవారికి అంతే నాణ్యత గల మరో రకం పరీక్ష చేస్తే, రెండు పరీక్షల పొరపాట్లకూ పరస్పరం సంబంధం లేకుంటే, 92 మందిలో సుమారు 85 మంది, 198 మందిలో నలుగురు మిగులుతారు. ఈసారి పాజిటివ్ 95 శాతం మందిలో నిజమే. ఆ జాతీయ సర్వేలోనూ మొదటి పరీక్షలో పాజిటివ్ వచ్చిన నమూనాలను రెండో రకం పరీక్షతో సరిచూశారు. నమూనా ఎంపిక, బేయ్స్ అన్వయం ఒకే పనిలో ఎలా కలిసిపోతాయో ఇక్కడ కనిపిస్తుంది.

నిజానికి ఈ కలయిక కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌లో పియరీ సిమోన్ లాప్లాస్ 1802లోనే ఈ పని చేశాడు. ఏటా ఎన్ని జననాలో రిజిస్టర్లలో ఉండేది, దేశ జనాభా ఎంతో మాత్రం తెలియదు. ఆయన 30 డిపార్ట్‌మెంట్లలో (మన జిల్లాల వంటివి) కొన్ని ప్రాంతాలు ఎంచుకుని దాదాపు 20 లక్షల మందిని లెక్కపెట్టించాడు. ఒక్కో వార్షిక జననానికి 28.35 మంది జనం ఉన్నట్టు తేలింది. ఏటా పది లక్షల జననాలుంటే జనాభా సుమారు 2 కోట్ల 83 లక్షలు అవుతుంది. లాప్లాస్ అక్కడితో ఆగలేదు. ఆ లెక్క ఎంత దూరం తప్పవచ్చో బేయ్స్ తరహా సంభావ్యతతో కట్టి చెప్పాడు.

మండలం లెక్క కావాలంటే

బేయ్స్ పద్ధతి నేడు సర్వేలకు ఎక్కువగా ఉపయోగపడుతున్నది చిన్న ప్రాంతాల అంచనాలో. జాతీయ సర్వే రాష్ట్రానికి మంచి లెక్క ఇస్తుంది. జిల్లాకు వచ్చేసరికి నమూనా పలచబడుతుంది, మండలానికి వస్తే పదో ఇరవయ్యో ఇళ్లు మిగులుతాయి. నిధులు, పథకాలు మాత్రం జిల్లాలకు, మండలాలకు పంచాలి. ఈ రంగానికి ప్రామాణిక గ్రంథం రాసిన జె.ఎన్.కె. రావు 1937లో ఏలూరులో పుట్టారు. కెనడాలోని కార్లటన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశారు. 2003లో వెలువడిన ఆ గ్రంథం గణాంక కార్యాలయాలకు దారి చూపింది. అంతకుముందే 1979లో అమెరికా జనగణన సంస్థకు చెందిన ఫే, హెరియట్ అనే ఇద్దరు వెయ్యి లోపు జనాభా గల ఊళ్ల తలసరి ఆదాయాన్ని ఈ దారిలోనే అంచనా వేశారు.

పద్ధతి ఎలా పనిచేస్తుందో ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక మండలంలో 20 ఇళ్లను అడిగితే 8 ఇళ్లకు అప్పు ఉంది, అంటే 40 శాతం. ఇరవై ఇళ్ల లెక్కలో ప్రామాణిక దోషం, అంటే లెక్క సాధారణంగా తప్పగల దూరం, 11 పాయింట్లు, కాబట్టి దాని మీద గట్టిగా ఆధారపడలేం. ఇలాంటి సాగునీరు, అక్షరాస్యత, పంటలు ఉన్న ఇతర మండలాలను బట్టి చూస్తే 25 శాతం ఉండవచ్చని మరో అంచనా ఉంది, దాని దోషం 6 పాయింట్లు. బేయ్స్ సూత్రం రెండిటినీ వాటి వాటి నిలకడను బట్టి కలుపుతుంది. దోషం వర్గానికి విలోమంగా బరువులిస్తే సర్వే లెక్కకు సుమారు 23 శాతం, మిగతా సమాచారానికి 77 శాతం బరువు వస్తుంది. ఫలితం 28.4 శాతం, దోషం 5.3 పాయింట్లకు దిగింది. అదే మండలంలో 400 ఇళ్లను అడిగి 40 శాతమే వచ్చి ఉంటే సర్వే దోషం 2.4 పాయింట్లే. అప్పుడు సర్వేకు 86 శాతం బరువు దక్కి, ఫలితం 37.9 శాతం దగ్గర నిలుస్తుంది. సాక్ష్యం పలచగా ఉన్నచోట ఈ పద్ధతి ఇరుగుపొరుగు సమాచారం మీద ఆనుకుంటుంది, సాక్ష్యం దిట్టంగా ఉన్నచోట సాక్ష్యానికే దారి ఇస్తుంది.

అయితే ఆ 25 శాతం అంచనా తప్పు గణిత మోడల్ మీద నిలబడితే ఫలితమూ ఆ తప్పు వైపే జరుగుతుంది. చుట్టుపక్కల మండలాలన్నీ మాగాణి అయి ఇదొక్కటే మెట్ట అయితే, దీని అసలు కష్టం సగటులో కలిసిపోతుంది. అందుకే ముందస్తు అంచనా ఎక్కడి నుంచి వచ్చిందో బయటపెట్టాలి, దాన్ని మార్చి చూసినప్పుడు ఫలితం ఎంత మారుతుందో కూడా చెప్పాలి. ఈ లెక్కలు చేతితో కట్టడం అసాధ్యం కావడంతో బేయ్స్ పద్ధతులు చాలాకాలం పుస్తకాలకే పరిమితమయ్యాయి. 1990లో గెల్ఫాండ్, స్మిత్ అనే శాస్త్రవేత్తలు కంప్యూటర్‌తో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించి వీటిని సులువుగా కట్టవచ్చని చూపాక పరిశోధకులందరికీ అందుబాటులోకి వచ్చాయి.

ఒరిగిన నమూనాను నిలబెట్టవచ్చా?

ఫోన్ ఎత్తేవాళ్లు తగ్గిపోతున్న రోజులివి. యాదృచ్ఛికంగా ఎంచుకున్నా జవాబు చెప్పేవాళ్లు కొందరే అయితే ఎంపిక ఫలం దక్కదు. 2012 అమెరికా ఎన్నికలప్పుడు కొందరు పరిశోధకులు ఎక్స్‌బాక్స్ గేమ్ ఆడేవాళ్లను రోజూ ప్రశ్నలు అడిగారు. సుమారు 3.45 లక్షల మంది జవాబిచ్చారు, వారిలో 93 శాతం మగవాళ్లు, మూడింట రెండు వంతుల దాకా 30 ఏళ్ల లోపువాళ్లు. ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు తీసుకుంటే లిటరరీ డైజెస్ట్ గతే. పరిశోధకులు వయసు, లింగం, చదువు, రాష్ట్రం, గత ఓటు వంటి లక్షణాలతో వేలాది చిన్న వర్గాలు చేసి, ఒక్కో వర్గం అభిప్రాయాన్ని బేయ్స్ తరహా గణిత మోడల్‌తో అంచనా వేశారు. అసలు ఓటర్లలో ఆ వర్గం వాటా ఎంతో చూసి మళ్లీ కూర్చారు. ఫలితం ప్రముఖ సర్వేలకు దీటుగా వచ్చింది. ఇదే దారిలో 2017లో యూగవ్ సంస్థ బ్రిటన్‌లో ఏ పార్టీకీ మెజారిటీ రాదని పోలింగ్‌కు వారం ముందే చెప్పింది. అలాగే జరిగింది.

ఈ సర్దుబాటు నిలబడాలంటే రెండు షరతులున్నాయి. ఒకటి, జనాభాలో ఏ వర్గం వాటా ఎంతో సరిగ్గా తెలియాలి. మన దేశంలో 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడటంతో సర్వేలు ఇన్నాళ్లూ 2011 జాబితాల మీదే ఆధారపడాల్సి వచ్చింది. రెండు, ఒకే వర్గంలో జవాబు చెప్పేవాళ్లకూ చెప్పనివాళ్లకూ పెద్ద తేడా ఉండకూడదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో చాలా ఎగ్జిట్ పోల్స్ ఎన్డీయేకు 350కి మించి సీట్లు చూపితే, వచ్చినవి 293. యాదృచ్ఛిక తేడాలైతే కొన్ని సర్వేలు ఎక్కువ, కొన్ని తక్కువ చెప్పేవి. దాదాపు అన్నీ ఒకే వైపు తప్పాయంటే లోపం అడిగిన తీరులోనో, చెప్పినవాళ్ల తీరులోనో, సీట్ల లెక్కలోనో ఉండాలి. అలాంటి లోపాన్ని ప్లస్ లేదా మైనస్ మూడు శాతం అన్న మాట కప్పిపుచ్చలేదు.

ఎంపిక పక్షం, బేయ్స్ పక్షం ఇప్పుడు ఒక అంగీకారానికి దగ్గరయ్యాయి. సమాచారం సేకరించేటప్పుడు యాదృచ్ఛిక ఎంపికను వీలైనంత గట్టిగా పట్టుకోవాలి, ఎందుకంటే పక్షపాతానికి అడ్డుకట్ట అదే. సమాచారం చాలనిచోట, జవాబులు రానిచోట బేయ్స్ మోడళ్లు వాడాలి. అలా వచ్చిన అంచనాలు పదేపదే నిజంతో పోల్చినప్పుడు నిలబడుతున్నాయో లేదో పరీక్షించాలి. ఎంపిక చెడితే ఏ సూత్రమూ దాన్ని పూర్తిగా బాగుచేయలేదు. ఎంపిక బాగున్నా చేతిలో ఉన్న సమాచారాన్ని పక్కన పెడితే బసు కథలోని గణాంకవేత్త గతి పడుతుంది.

పత్రికలో, టీవీలో సర్వే అంకె కనిపించినప్పుడు పాఠకులు నాలుగు విషయాలు అడగాలి. ఎవరిని ఏ జాబితా నుంచి ఎంచుకున్నారు? ఎంపికైనవారిలో ఎంతమంది జవాబిచ్చారు? అంకెకు అటూ ఇటూ ఎంత తేడా ఉండవచ్చు? సర్దుబాట్లు ఏమైనా చేస్తే అవి ఏమిటి? వీటికి జవాబు లేని సర్వే ఎన్ని లక్షల మందిని అడిగామన్నా నమ్మదగింది కాదు. అలాగే గుర్తింపు కార్డుతో వచ్చిన ఎన్యూమరేటర్ మీ తలుపు తట్టితే కాసేపు కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ ఇల్లు వందలాది ఇళ్ల తరఫున మాట్లాడుతోంది. ఆ జవాబు తప్పితే నష్టం ఆ ఇళ్లన్నిటిదీ.